ఎడం పక్క

పద్దెనిమిది వందలు. జేబులోనే రెండుసార్లు లెక్కపెట్టాను.
అందులో నాలుగు వందలు తవుడికి తిరిగివ్వాల్సినవి.
విజీనారం గంటస్తంభం దాటాక సందులో మూడో షాపు, జిలానీ భాయ్‌ది.
షట్టరు ఎప్పుడూ సగమే ఎత్తుంటుంది,
ఎంతటివాడైనా తల వంచి లోపలికెళ్ళాలి.

"ఏటి కావాల?"
"చెవి మొత్తం కప్పీసేది. ఆటకీ పాటకీ ఒకటే.
రెండు కొనే తాహతు లేదు."

మొదటిది ఎర్ర లైట్లది, తలమీద దీపావళి.
"గుంటలందరూ ఇదే పట్టుకెల్తన్నారు" అన్నాడు.
పెట్టుకున్నాక నాకు కనపడని లైటుకి
నేనెందుకు డబ్బులివ్వాలి?

రెండోది వైరు లేనిది.
దాన్లో తూటా ముందొస్తుంది, చప్పుడు తర్వాతొస్తుంది.
చచ్చాక వినిపించే తుపాకీతో ఏం పని.

మూడోదాని డబ్బామీదే బేస్ బేస్ అని అరుస్తోంది.
నాకు కంఠతా వచ్చిన పాట పెట్టాను.
పల్లవి అయ్యాక ఆ పాడే ఆవిడ ఊపిరి పీల్చుకునే చోటొకటుంది,
డప్పుల కిందపడి ఆ ఊపిరి నలిగిపోయింది.
తీసి బల్లమీద పెట్టేశాను.

నాలుగోది నల్లది, సాదాది. పదమూడు వందల యాభై.
వైరుకి దారపు అల్లిక. వేళ్ళమధ్య నలిపి చూశాను,
మిల్లులో నూలు చూసినట్టే. పురి వదల్లేదు.
పాటలో ఊపిరి వినిపించింది.
ఇదే, అనుకున్నాను. బేరం ఉంది కనక పైకి అనలేదు.

ఇక ఆటకి పరీక్ష.
భాయ్ తన ఫోన్లో అడుగుల చప్పుడు పెట్టాడు.
ఎవరో కుడినించి కంకరమీద నడుచుకుంటూ
నడినెత్తిదాకా వచ్చి
ఆగిపోయారు.

"ఎడం పక్క పోయింది భాయ్, మార్చీ."
ఇంకో పీసు. అక్కడికే వచ్చి ఆగారు.
ఇంకోటి.
మూడో డబ్బా విప్పాక అతనేం మాట్లాడలేదు.
నా తలమీంచి తీసి, అటుదిటు తిప్పి, మళ్ళీ పెట్టాడు.
ఈసారి మొదట ఎవరూ లేరు.
తర్వాత నెత్తిమీద పుట్టి
కుడివైపు నడిచెళ్ళిపోయారు.

"ఎక్కడ పని?"
"నెల్లిమర్ల. జూట్ మిల్లు, మగ్గాల సెక్షను."
"ఎన్నేళ్ళు?"
"తొమ్మిది."
"మగ్గం నీకు ఏ పక్కుంటాది?"
చెప్పబోయి నోరు మూసుకున్నాను.

అయితే ఏడాదిగా ఆటలో నేను చచ్చిందంతా ఒక పక్కనించే.
బొబ్బిలినించి తవుడు "లెఫ్టురా, లెఫ్టూ" అని గొంతు చించుకుంటే
ఫోను పాతదైందనుకున్నాను, నెట్టు తేడా అనుకున్నాను.
"గోడవారగా పడుకుని నేను చెప్పినవేవీ నీకు గుర్తుండవేటి"
అని నూకరత్నం దెప్పితే
మతిమరుపనుకున్నాను.

బేరమాడడం మర్చిపోయాను.
అతనే యాభై తగ్గించాడు.
దాంతో ఇంకాస్త భయమేసింది.

"సెట్టింగుల్లో ఒక మీటుంది చూడు.
రెండు పక్కలదీ కలిపి ఒకటే చేసీస్తాది.
పాటకి పర్లేదు. ఆటలోనే,
శత్రువు ఎటున్నాడో తెలీదు."

రాత్రి స్క్వాడుకి చెప్పాను:
లెఫ్టు, రైటు అనకండ్రా. గోడ అనండి, జీపు అనండి, టాంకు అనండి.
ఎందుకని ఎవరూ అడగలేదు. తవుడొక్కడే కాసేపు మైకు ఆపేశాడు.
వాడి నాలుగు వందలు పోను వంద మిగుల్తుంది.
చెవి డాక్టరు ఎంత తీసుకుంటాడో కనుక్కోవాలి.

పడుకునే ముందు ఆ మీట నొక్కి
అదే పాట మళ్ళీ పెట్టాను.
ఊపిరి ఉంది. దాని వెనకాలే
సన్నగా, తీగ తెగుతుందేమో అన్నట్టు ఒక వయొలిన్.
ఇన్నేళ్ళుగా అది అక్కడే,
ఎడం పక్కన కూర్చుని
వాయిస్తూనే ఉందట.